ఈస్ట్ కణంలో క్రోమోజోములు ఎప్పుడు, ఎట్లా విడిపోతాయి? మా బీఎస్సీ పిల్లలు ఏటా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో డిగ్రీ పిల్లలకు కణ జీవశాస్త్రం చెప్తాను. కణ విభజన పాఠం అయిపోయిన వారానికి వాట్సాప్‌లో డౌట్లు మొదలవుతాయి. సెమిస్టర్ పరీక్ష ముందు రోజు రాత్రి పదకొండింటికి కూడా వస్తాయి. పోయినేడు అడిగినవే ఈయేడు, నిరుడు అడిగినవే మళ్లీ. పాఠ్యపుస్తకం నాలుగు దశల పేర్లు చెప్పి ఊరుకుంటుంది. పిల్లలకు కావాల్సింది ఒక దశ నుంచి ఇంకో దశకు పొమ్మని కణానికి ఎవరు చెప్తారన్నది. అందుకే పిల్లలు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదవొచ్చు.

## మొదలుపెట్టే ముందు

మనిషి కణం గురించి చెప్పకుండా ఈస్ట్ వెంట ఎందుకు పడాలి మేడమ్?

క్రోమోజోములను పట్టి ఉంచే ప్రొటీన్లు, లాగే పోగులు, కోసే ఎంజైము మనిషిలోనూ ఈస్ట్‌లోనూ దాదాపు ఒకటే. ఈస్ట్‌లో పని మాత్రం సులువు. మంచి తిండి పెట్టి 30 డిగ్రీల దగ్గర ఉంచితే గంటన్నరకు ఒకసారి రెండింతలవుతుంది. ప్రతి క్రోమోజోము ఒక్కటే ఉండే ఏకస్థితిక కణంగా హాయిగా బతుకుతుంది కాబట్టి, ఒక జన్యువు చెడితే దాన్ని కప్పిపుచ్చే రెండో కాపీ ఉండదు, లోపం వెంటనే బయటపడుతుంది. ఉన్నవి సుమారు 6,000 జన్యువులు. కేంద్రకం ఉన్న జీవుల్లో మొట్టమొదట పూర్తి జన్యుపటం చదివింది కూడా ఈస్ట్‌దే, 1996లో.

ఒకటే యంత్రం అనడానికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం ఒకటుంది. విభజనను నడిపే సీడీసీ2 అనే జన్యువు చెడిపోయి చచ్చిపోయే స్థితిలో ఉన్న, మధ్యకు చీలే రకం ఈస్ట్‌కు మనిషి జన్యువును ఇస్తే అది బతికి, మామూలుగా విభజన చెందింది. 1987లో పాల్ నర్స్ బృందం చూపించిన సంగతి ఇది.

మనం చెప్పుకునేది ఏ ఈస్ట్? కల్లులో ఉండేదేనా?

అదే. శాకరోమైసిస్ సెరవీసియే. బేకరీలో బన్ను పొంగించేది, పొద్దున తియ్యగా దించిన కల్లును పొద్దెక్కేకొద్దీ పులిపించే వాటిలో ముఖ్యమైనది ఇదే. లొట్టి అడుగున తెల్లగా పేరుకునే మడ్డిని ఒక చుక్క నీళ్లలో కలిపి చూస్తే కోడిగుడ్డు ఆకారంలో కణాలు, వాటి పక్కన చిన్న చిన్న మొగ్గలు కనిపిస్తాయి. మొగ్గ తొడిగి పెరుగుతుంది కాబట్టి దీన్ని మొగ్గ ఈస్ట్ అందాం.

పరిశోధకులు వాడే రెండో ఈస్ట్ షైజోశాకరోమైసిస్ పోంబే. ఇది కడ్డీలా పొడుగ్గా పెరిగి మధ్యకు చీలుతుంది, అందుకే దీన్ని చీలే ఈస్ట్ అందాం. తూర్పు ఆఫ్రికా చిరుధాన్యాల బీరులో దొరికింది. పోంబే అంటే స్వాహిలీ భాషలో బీరు. దీనికి క్రోమోజోములు మూడే, మొగ్గ ఈస్ట్‌కు పదహారు. ఈ పేజీలో వేరుగా చెప్పకపోతే మాట్లాడేది మొగ్గ ఈస్ట్ గురించే.

ఉల్లి వేరులో క్రోమోజోములు కనిపిస్తాయి కదా, ఈస్ట్‌లో ఎందుకు కనిపించవు?

ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు ఈస్ట్ స్లయిడ్ మీద ఎసిటోకార్మిన్ రంగు వేసి అరగంట వెతికి, "మేడమ్, నాకు ఏమీ దొరకలేదు" అని దిగులుగా వస్తారు. తప్పు వాళ్లది కాదు.

ఉల్లి వేరు కణంలో 16 క్రోమోజోములుంటాయి. ఏకస్థితిక ఈస్ట్‌లోనూ 16 ఉంటాయి. లెక్క ఒకటే, సైజు వేరు. ఉల్లిలో ఒక్కో క్రోమోజోములో సగటున 200 కోట్ల డీఎన్ఏ అక్షరాలుంటాయి. ఈస్ట్‌లో మొత్తం పదహారూ కలిపితేనే కోటీ 20 లక్షలు. అన్నిట్లో పెద్దదైన నాలుగో క్రోమోజోము 15 లక్షలు, చిన్నదైన మొదటిది 2 లక్షల 30 వేలు. అంత సన్న దారం చుట్టుకున్నా మన కాలేజీ మైక్రోస్కోపుకు అందదు. పైగా ఈస్ట్ విభజనలో క్రోమోజోములు ఉల్లిలో లాగా గట్టిగా దట్టంగా మారవు. కణమే 5 మైక్రాన్లు, అందులో కేంద్రకం 2 మైక్రాన్లు.

కనిపించనిదాన్ని ఎట్లా కనిపెట్టారు మరి?

మొగ్గ చూసి. మొగ్గ పెరుగుతున్నకొద్దీ కణం విభజనలో ముందుకు పోతున్నట్టు. మొగ్గ లేకపోతే ఇంకా మొదలుకాలేదని, చిన్న మొగ్గ ఉంటే డీఎన్ఏ కాపీ అవుతోందని, తల్లి కణంతో సమానమయ్యే మొగ్గ ఉంటే క్రోమోజోములు పంచుకునే వేళ అయిందని అర్థం. మొగ్గే గడియారం.

లీలండ్ హార్ట్‌వెల్ 1970 ప్రాంతంలో దీన్నే వాడుకున్నాడు. 23 డిగ్రీల దగ్గర మామూలుగా పెరిగి, 36 డిగ్రీలకు మార్చగానే ఆగిపోయే ఈస్ట్ రకాలను ఏరాడు. వాటిలో కొన్ని రకాల్లో కణాలన్నీ ఒకే సైజు మొగ్గతో నిలబడిపోయాయి. అంటే ఆ రకంలో చెడిన జన్యువు సరిగ్గా ఆ దశ దాటడానికే కావాలి. అట్లా దొరికిన జన్యువులకు సీడీసీ (కణ విభజన చక్రం అనే ఆంగ్ల మాటల పొడి అక్షరాలు) అని వరుస నంబర్లిచ్చాడు. 2001లో హార్ట్‌వెల్, పాల్ నర్స్, టిమ్ హంట్ ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

1990లలో ఇంకో పద్ధతి వచ్చింది. క్రోమోజోము మీద ఒకచోట మెరిసే ప్రొటీన్‌ను అంటిస్తే చీకట్లో మిణుగురులా ఒక చుక్క కనిపిస్తుంది. డీఎన్ఏ కాపీ అయినా, జంట అతుక్కున్నంతసేపు అది ఒక్క చుక్కగానే ఉంటుంది. విడిపోగానే రెండు చుక్కలు.

## జంటను కట్టి ఉంచే దశ

కాపీ అయిన వెంటనే రెండింటినీ విడదీస్తే పోదా? కట్టి ఉంచడం దేనికి?

కాపీ అయ్యాక ఒక్కో క్రోమోజోము రెండు సోదర క్రొమాటిడ్లుగా ఉంటుంది. ఒకటి తల్లికి, ఒకటి మొగ్గకు పోవాలి. పదహారు జంటలు ఊడిపోయి 32 విడి దారాలుగా తేలుతుంటే ఏది ఏదానికి జోడో కణానికి తెలిసే దారి లేదు. కణం చదువుకోలేదు, లెక్కపెట్టలేదు. జోడు తెలిసే ఒకే ఒక్క గుర్తు అవి అతుక్కొని ఉండటమే. అతుక్కొని ఉన్న జంటలో ఒకదాన్ని ఇటు, ఇంకోదాన్ని అటు పట్టుకుంటే చాలు, పంపకం సరిగ్గా జరుగుతుంది.

కొహెసిన్ అంటే జిగురా, ఉంగరమా?

ఉంగరమే. పాత పుస్తకాల్లో జిగురు అని ఉంటుంది, ఆ బొమ్మ మనసులోంచి తీసేయండి. ఎస్ఎంసీ1, ఎస్ఎంసీ3 అనే రెండు పొడుగు ప్రొటీన్లు ఒక చివర కలిసి ఉంటాయి. రెండో చివర మధ్య ఖాళీని ఎస్‌సీసీ1 అనే ప్రొటీన్ మూస్తుంది. ఎస్‌సీసీ3 పక్కన చేరుతుంది. ఈ ఉంగరం లోపలి నుంచి రెండు సోదర డీఎన్ఏ పోగులూ పోతాయి. ఎస్‌సీసీ1ను 1997లో రెండు బృందాలు విడివిడిగా గుర్తించాయి, ఒకటి కిమ్ నాస్మిత్‌ది, ఒకటి డగ్లస్ కోష్లాండ్‌ది.

ఎస్‌సీసీ1ను గుర్తుపెట్టుకోండి. ఉంగరానికి కొక్కెం అదే. దాన్ని కోస్తే ఉంగరం తెరుచుకుంటుంది.

ఉంగరం తొడిగేది ఎప్పుడు?

డీఎన్ఏ కాపీ అయ్యే వేళనే. ఎస్‌సీసీ2, ఎస్‌సీసీ4 అనే జంట ప్రొటీన్లు ఉంగరాన్ని డీఎన్ఏ మీద ఎక్కిస్తాయి. కాపీ జరుగుతున్నప్పుడు ఈసీఓ1 అనే ఎంజైము ఎస్ఎంసీ3 మీద చిన్న ఎసిటైల్ ముద్ర వేస్తుంది, దాంతో ఉంగరం ఊడకుండా బిగుస్తుంది. కాపీ పూర్తయ్యాక ఆలస్యంగా కొహెసిన్ తయారైతే డీఎన్ఏ మీద ఎక్కుతుంది గానీ, మామూలుగా జంటను కట్టలేదు. అదును దాటిన విత్తనం లాంటిది.

## పట్టుకొని లాగే దశ

ఈస్ట్‌లో కేంద్రక త్వచం కరగదట కదా, మరి కండె పోగులు లోపలికి ఎట్లా పోతాయి?

పోవాల్సిన పని లేదు, లోపలే పుడతాయి. ఉల్లిలో, మనిషిలో విభజనప్పుడు త్వచం విడిపోతుంది. ఈస్ట్‌లో మొదటి నుంచి చివరి దాకా అట్లాగే ఉంటుంది. ఆ త్వచంలోనే గుండీ లాగా ఒక నిర్మాణం పొదిగి ఉంటుంది, దాన్ని కండె ధ్రువ దేహం అందాం. ఆ గుండీకి లోపలి వైపు కండె పోగులు, బయటి వైపు కణద్రవ్యంలోకి వేరే పోగులు పెరుగుతాయి. గుండీ కూడా కాపీ అయి, రెండూ ఎదురెదురు చివరలకు జరిగితే మధ్యలో కండె తయారవుతుంది. పోచంపల్లి వైపు నుంచి వచ్చే పిల్లలకు కండె అంటే చెప్పనక్కర్లేదు. నాడెలో పెట్టే ఆ నూలు కండె ఆకారం చూసే మన తెలుగు పుస్తకాలు ఈ పేరు పెట్టాయని నేను వాళ్లకు చెప్తుంటాను.

ఒక్కో క్రోమోజోమును ఎన్ని పోగులు పట్టుకుంటాయి?

ఈస్ట్‌లో ఒకే ఒక్కటి. దాని సెంట్రోమియర్, అంటే క్రోమోజోము మీద పోగు పట్టుకునే చోటు, 125 అక్షరాల పొడవే. దాని మీద కైనెటోకోర్ అనే పిడి కట్టుకుంటుంది, ఆ పిడిని ఒక్క సూక్ష్మనాళిక (మనం పోగు అంటున్నది ఇదే) పట్టుకుంటుంది. మనిషిలో ఒక్కో పిడికి పదికి పైగా ఉంటాయి.

జంటలో రెండింటినీ ఒకే వైపు పోగులు పట్టుకుంటే ఏమైతది?

అదే జరిగి కణం చీలితే ఒక పిల్లకు రెండు, ఇంకో పిల్లకు సున్నా. ఈస్ట్‌లో ఇట్లాంటి తప్పు పట్టులు మొదట్లో మామూలే. సరిదిద్దే పద్ధతి ముఖ్యం.

రెండు వైపుల నుంచి పట్టు దొరికితే జంట బిగుసుకుంటుంది. అటు లాగేది ఒకటి, ఇటు లాగేది ఒకటి, మధ్యలో కొహెసిన్ ఉంగరాలు వదలవు. మోకు రెండు కొసలూ పట్టి లాగితే ఎట్లా బిర్రుగా అవుతుందో అట్లా. రెండూ ఒకే వైపు ఉంటే మోకు వదులుగా వేలాడుతుంది. ఆ వదులే తప్పుకు గుర్తు. ఐపీఎల్1 అనే ఎంజైము (మనుషుల్లో దీన్ని అరోరా బి అంటారు) వదులుగా ఉన్న పట్టును ఊడగొడుతుంది. ఊడిన పిడిని ఇంకో పోగు పట్టుకుంటుంది. మళ్లీ తప్పయితే మళ్లీ ఊడుతుంది. బిర్రుగా లాగినప్పుడు మాత్రం పట్టు నిలుస్తుంది. సరైన పట్టు ఏదో ముందే తెలిసిన మేస్త్రీ ఎవరూ లేరక్కడ. తప్పు నిలవదు, ఒప్పు నిలుస్తుంది, అంతే. మొత్తం కణ జీవశాస్త్రంలో నాకు ఎక్కువ ఇష్టమైన సంగతి ఇది.

## ఆగి చూసే దశ

ఒక్క క్రోమోజోముకు పట్టు దొరకకపోతే మొత్తం కణం ఆగుతుందా?

ఆగుతుంది. ఒక్కటి చాలు.

పుస్తకాల్లో దీన్ని తనిఖీ కేంద్రమని, ట్రాఫిక్ పోలీసని చెప్తారు. నాకు ఆ పోలిక సరిపోదనిపిస్తుంది, ఎందుకంటే ఎక్కడా ఒక పోలీసు నిలబడి పదహారూ లెక్కపెట్టడం లేదు. దేవరకొండ బస్సు ఎక్కేటప్పుడు చూడండి. మెట్టు మీద ఒక కాలు, కింద ఒక కాలు ఉన్న మనిషి "ఆపు ఆపు" అని అరుస్తుంటే డ్రైవరు కదలడు. అరిచేది ఎక్కనివాళ్లే, ఎక్కినవాళ్లు మాట్లాడరు. ఆఖరి మనిషి ఎక్కగానే అరుపు ఆగిపోతుంది, బస్సు కదులుతుంది. కణంలోనూ అంతే. పోగు పట్టని ప్రతి కైనెటోకోర్ "ఆపు" అనే సంకేతాన్ని తయారుచేస్తూ ఉంటుంది.

ఆ సంకేతం ప్రొటీన్ల రూపంలో ఉంటుంది. ఎంపీఎస్1, బబ్1, బబ్3, మ్యాడ్1, మ్యాడ్2, మ్యాడ్3. పట్టు లేని పిడి దగ్గర మ్యాడ్2 తన ఆకారం మార్చుకొని సీడీసీ20 అనే ప్రొటీన్‌ను బంధిస్తుంది. మ్యాడ్3, బబ్3 కూడా చేరి దాన్ని కదలనివ్వవు. సీడీసీ20 చిక్కుకుపోయినంతసేపు విడదీసే పని మొదలుకాదు.

మ్యాడ్, బబ్... ఈ పేర్లు ఏంటి, వింతగా ఉన్నాయి?

ఇది చెప్పేటప్పుడు క్లాసులో రైతు పిల్లలు నిటారుగా కూర్చుంటారు. బబ్ అన్నది "బెంజిమిడజోల్ ఉన్నా మొగ్గలు ఆపనిది" అనే అర్థం ఇచ్చే ఆంగ్ల మాటల పొడి అక్షరాలు. బెంజిమిడజోల్ కుటుంబంలోదే మన చేలల్లో కొట్టే కార్బెండజిమ్. వరి అగ్గి తెగులుకు, పాలమూరు పల్లి చేలలో తిక్క ఆకుమచ్చకు పిచికారీ చేసేది అదే. ప్రయోగశాలలో ఈస్ట్‌కు పెట్టే బెనోమిల్ నీళ్లలో విరిగితే వచ్చేది కూడా కార్బెండజిమే.

ఈ మందు శిలీంధ్రాల్లో కండె పోగులు తయారయ్యే ప్రొటీన్ అయిన ట్యూబ్యులిన్‌కు అంటుకొని కండె పోగులు కట్టుకోనివ్వదు. మామూలు ఈస్ట్‌కు ఈ మందు తక్కువ మోతాదులో పెడితే, పోగులు దొరకక కణాలన్నీ పెద్ద మొగ్గతో డంబెల్ ఆకారంలో ఆగి, పట్టు దొరికేదాకా కాచుకుంటాయి. కొన్ని రకాలు ఆగకుండా ముందుకు పోయి, క్రోమోజోములు చెల్లాచెదురై చచ్చిపోయాయి. ఆగాలని చెప్పే జన్యువు వాటిలో లేదన్నమాట. 1991లో ఆండ్రూ మర్రే దగ్గర మ్యాడ్ జన్యువులు, ఆండ్రూ హోయట్ దగ్గర బబ్ జన్యువులు ఇట్లా దొరికాయి. మ్యాడ్ అంటే విభజనలో ఆగలేనిది అని.

ఒకే మందు పదేపదే కొడితే తెగులు లొంగకుండా పోతుందని పెద్దలు అంటారు కదా, దానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ట్యూబ్యులిన్ జన్యువులో ఒక చిన్న మార్పు వచ్చిన శిలీంధ్రానికి ఆ మందు అంటుకోదు.

మ్యాడ్2 లేని ఈస్ట్ బతకదా?

బతుకుతుంది, అదీ బాగానే. మామూలు రోజుల్లో పోగులు సమయానికే పట్టుకుంటాయి, ఆపాల్సిన అవసరం అరుదు. తేడా కష్టకాలంలో బయటపడుతుంది. క్రోమోజోములు పోగొట్టుకోవడం మాత్రం మామూలు ఈస్ట్ కంటే ఎక్కువ. ఎలుకల్లో మ్యాడ్2 పూర్తిగా తీసేస్తే పిండ దశలోనే చనిపోతాయి.

ఎంతసేపు ఆగి ఉంటుంది?

గంటలు. కానీ ఎల్లకాలం కాదు. మందు తీయకుండా ఉంచితే కొన్ని కణాలు చివరికి ఓపిక పట్టలేక, పట్టు దొరక్కపోయినా విభజన నుంచి బయటికి వచ్చేస్తాయి.

## తెంపే దశ

ఆఖరికి విడదీసేది ఎవరు? వరుసగా ఒకసారి చెప్పండి మేడమ్.

పరీక్షలో ఎక్కువగా తారుమారు చేసేది ఈ వరుసే. నెమ్మదిగా చదవండి.

కోసే కత్తెర పేరు సెపరేజ్. ఈస్ట్‌లో దాన్ని ఈఎస్‌పీ1 అంటారు. అది ముందే తయారై ఉంటుంది, కానీ సెక్యూరిన్ అనే ప్రొటీన్ దాని నోరు మూసి ఉంచుతుంది. ఈస్ట్‌లో సెక్యూరిన్ పేరు పీడీఎస్1. పదహారు జంటలకూ రెండు వైపులా పట్టు దొరికాక ఆపు సంకేతం ఆగి, సీడీసీ20 విడుదలవుతుంది. అది ఏపీసీ అనే పెద్ద ప్రొటీన్ల కూటమితో చేరుతుంది. ఏపీసీ పోయి సెక్యూరిన్‌కు యుబిక్విటిన్ అనే ముద్రలు వరుసగా గుద్దుతుంది. ముద్ర పడ్డ సెక్యూరిన్‌ను ప్రొటియోజోమ్ ముక్కలు చేసేస్తుంది. నోరు తెరుచుకున్న సెపరేజ్ కొహెసిన్ ఉంగరంలోని ఎస్‌సీసీ1ను కోస్తుంది. ఉంగరాలు తెరుచుకుంటాయి, సోదర క్రొమాటిడ్లు చెరో వైపు పోతాయి. చలన దశ, అంటే విడిపోయినవి చెరో వైపు కదిలే దశ, మొదలైంది.

సెక్యూరిన్ కాపలా ఒక్కటే కాదు, సహాయం కూడా. అది సెపరేజ్‌ను కేంద్రకంలోకి చేర్చడానికి కూడా పనికొస్తుంది. ఈ ముక్క చాలామంది వదిలేస్తారు.

లాగే బలం పెరిగి తెగుతాయా, లేక కోస్తే తెగుతాయా?

కోస్తేనే. నేను ఏటా పాఠం ఈ ప్రశ్నతోనే మొదలుపెడతాను, సగం మంది "గట్టిగా లాగితే తెగుతాయి" అనే అంటారు.

లాగడం మధ్యస్థ దశలోనే, అంటే జంటలు ఇంకా విడిపోక ముందే, మొదలై ఉంటుంది. జంట అప్పటికే బిగుసుకొని ఉంది. చలన దశలో కొత్తగా జరిగేది కోత. దీన్ని తేల్చిన ప్రయోగం చాలా అందమైనది. 1999లో ఫ్రాంక్ ఉల్మన్, కిమ్ నాస్మిత్ బృందం సెపరేజ్ ఎస్‌సీసీ1ను రెండు నిర్దిష్టమైన చోట్ల కోస్తుందని చూపించింది. ఆ రెండు చోట్లూ మార్చేసి కోయరాని ఎస్‌సీసీ1 పెడితే, కండె ఎంత లాగినా జంటలు విడిపోలేదు.

అప్పుడు ఒక అనుమానం మిగిలింది. కోత సరిపోతుందా, దానితో పాటు ఇంకేమైనా కావాలా? 2000లో వాళ్లు ఎస్‌సీసీ1లో సెపరేజ్ కోసే ఒక చోటును తీసేసి, పొగాకు మొక్కకు సోకే ఒక వైరస్ ఎంజైము కోయగల చోటును అమర్చారు. కణాన్ని సీడీసీ20 లేకుండా మధ్యస్థ దశలో ఆపారు. ఏపీసీ పనిచేయదు, సెక్యూరిన్ పోదు, సెపరేజ్ లేవదు. ఆ స్థితిలో గెలాక్టోజ్ ఇచ్చి ఆ వైరస్ ఎంజైమును తయారు చేయించారు. ఉంగరాలు తెగాయి, క్రోమోజోములు చక్కగా చెరో వైపు పోయాయి. బయటి నుంచి తెచ్చిన కత్తెరతో కోసినా చాలు!

పోచంపల్లి చిటికి పనిలో నూలుకు రబ్బరు చుట్టి గట్టిగా కడతారు. రంగు పట్టి ఆరేదాకా ఆ కట్టు ఉండాలి. తర్వాత బ్లేడుతో ఒక్కొక్క కట్టునే తెంపుతారు, నూలు తెగకుండా. ముందే తెంపితే డిజైన్ చెదిరిపోతుంది. నేను ఆ పని చూసిన రోజు నుంచి ఎస్‌సీసీ1 కోత గురించి చెప్పినప్పుడల్లా నా కళ్ల ముందు ఆ బ్లేడే ఉంటుంది.

సెక్యూరిన్‌ను ముక్కలు చేయడం ఎందుకు? పక్కకు తప్పిస్తే పోదా?

పక్కకు తప్పుకున్నది మళ్లీ రావొచ్చు. అప్పుడు సగం జంటలు తెగి, సగం తెగకుండా నిలిచిపోయే ప్రమాదం ఉంది. నాశనమైన ప్రొటీన్ వెనక్కి రాదు, మళ్లీ తయారు కావాలంటే సమయం పడుతుంది. కోసిన ఎస్‌సీసీ1 కూడా అతుక్కోదు. అందుకే ఈ అడుగు ఒక్క దిక్కుకే పోతుంది. అంతకుముందు దాకా కణం గంటల తరబడి ఆగొచ్చు, తప్పు పట్టును సరిదిద్దుకోవచ్చు. కోత పడ్డాక ఆ అవకాశం లేదు. ముందు అన్ని కాపలాలు ఎందుకున్నాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

పదహారూ ఒకేసారి విడిపోతాయా?

సెంట్రోమియర్లు దాదాపు ఒకేసారి. ఆఖరున మిగిలేది పన్నెండో క్రోమోజోము. రైబోజోమ్ ఆర్ఎన్ఏ జన్యువులు వందకు పైగా కాపీలు దాని మీద వరుసగా ఉంటాయి, ఆ భాగం చిక్కుపడి ఉంటుంది. ఉంగరాలు తెగినా అక్కడ విడిపోవాలంటే కండెన్సిన్ అనే ఇంకో ప్రొటీన్ వచ్చి దాన్ని కుదించాలి. సీడీసీ14 అనే ఎంజైము అందుకు దారి తీస్తుంది.

## విడిపోయిన తర్వాత

ఒక వాటా మొగ్గలోకి పోకుండా రెండూ తల్లి కణంలోనే ఉండిపోతే?

ఇది మొగ్గ ఈస్ట్‌కే ఉన్న చిక్కు. జంతు కణం కండె ఎక్కడుందో చూసి దాని మధ్యకు చీలుతుంది. మొగ్గ ఈస్ట్‌లో గోడ కట్టే చోటు, అంటే మొగ్గ మెడ, ముందే నిర్ణయమై ఉంటుంది. కాబట్టి కండే ఆ మెడలోంచి సాగి ఒక చివరను మొగ్గలోకి పంపాలి. పంపకపోతే ఒక కణంలో రెండు కేంద్రకాలు, ఇంకో కణం ఖాళీ.

దీనికి కణం చేసుకున్న ఏర్పాటు ఇది. విభజన ముగించమని చెప్పే టెమ్1 అనే ప్రొటీన్ కండె చివర ఉంటుంది. తల్లి కణంలో ఉన్న కిన్4 దాన్ని అణచివేసేలా చూస్తుంది. మొగ్గలో ఉన్న ఎల్‌టీఈ1 ఆ అణచివేతను తీసేస్తుంది. కండె చివర మొగ్గలోకి అడుగుపెడితేనే టెమ్1 లేస్తుంది. చోటు మారితే తప్ప ఆజ్ఞ మారదు. టెమ్1 లేచాక సీడీసీ14 పూర్తిగా బయటపడి, విభజన దశను నడిపించిన సైక్లిన్ ఎంజైము పనిని వెనక్కి తిప్పుతుంది, కణం రెండుగా ముగుస్తుంది.

## పాఠం బయట

క్షయకరణ విభజనలో (క్రోమోజోముల లెక్క సగమయ్యే విభజన) కూడా ఇదే కథేనా?

కత్తెర అదే, కోత రెండు విడతలు. ఎస్‌సీసీ1 స్థానంలో ఎక్కువగా ఆర్ఈసీ8 అనే ప్రొటీన్ ఉంగరం మూస్తుంది. మొదటి విడతలో క్రోమోజోము చేతుల మీది ఉంగరాలు మాత్రమే తెగుతాయి. సెంట్రోమియర్ దగ్గరివి తెగకూడదు. తెగితే రెండో విడతలో సోదర క్రొమాటిడ్లను పంచడానికి కట్టు మిగలదు. వాటిని కాపాడే ప్రొటీన్‌ను షుగోషిన్ అంటారు, జపనీస్‌లో కాపలా దేవత అని అర్థం. యోషినోరి వతనబే బృందం చీలే ఈస్ట్‌లో దాన్ని గుర్తించి 2004లో ఆ పేరు పెట్టింది. ఊరి పొలిమేరలో పోచమ్మ గుడి ఉన్న పిల్లలకు ఆ పేరు ఒకసారి చెప్తే మర్చిపోరు.

డౌన్ సిండ్రోమ్ పిల్లలకూ దీనికీ సంబంధం ఉందా? మా అక్క అడగమంది.

ఉంది. డౌన్ సిండ్రోమ్‌లో 21వ క్రోమోజోము మూడు కాపీలుంటాయి. ఎక్కువ సందర్భాల్లో తల్లి అండం తయారయ్యేటప్పుడు ఆ జంట సరిగా విడిపోకపోవడం కారణం. ఆడపిల్ల తల్లి కడుపులో ఉన్నప్పుడే ఆమె అండకణాలు క్షయకరణ విభజన మొదలుపెట్టి మధ్యలో ఆగి ఉంటాయి, మళ్లీ ఏళ్ల తర్వాత కదులుతాయి. అప్పుడు తొడిగిన ఉంగరాలే అన్నేళ్లూ పట్టి ఉండాలి. వయసు పెరిగేకొద్దీ ఆ కొహెసిన్ తగ్గిపోతుందని ఎలుకల అండాల్లో స్పష్టంగా చూశారు.

మీ అక్కకు ఇంకో మాట కూడా చెప్పు. ఇది ఎవరి తప్పూ కాదు. గ్రహణంలో బయటికి పోయిందనో, ఏదో తిన్నదనో ఆ తల్లిని అనడం అన్యాయం. చిన్న వయసు తల్లులకు కూడా ఇట్లా జరగొచ్చు. అనుమానం ఉంటే గర్భం మొదటి నెలల్లోనే డాక్టరును అడిగితే పరీక్షలున్నాయి.

క్యాన్సర్‌కు?

క్యాన్సర్ కణాల్లో క్రోమోజోముల లెక్క తప్పి ఉండటం చాలా మామూలు. రొమ్ము క్యాన్సర్ వంటి వాటికి ఇచ్చే టాక్సాల్ మందు కండె పోగులను కదలకుండా బిగించి పంపకాన్ని చెడగొడుతుంది. జుట్టు ఊడటం లాంటి బాధలు ఎందుకంటే, విభజన చెందే మంచి కణాలకు కూడా ఆ మందు తగులుతుంది.

ఇవన్నీ ఇంట్లో, కాలేజీలో చూసే దారి ఉందా?

క్రోమోజోములు కనిపించవు. ఆ సమయానికి వచ్చిన కణం కనిపిస్తుంది. కిరాణా కొట్టులో దొరికే డ్రై ఈస్ట్ పావు చెంచా, గోరువెచ్చని నీళ్లు ఒక గ్లాసు, చక్కెర ఒక చెంచా. కలిపి వెచ్చని చోట పెట్టండి. డ్రై ఈస్ట్ నిద్రలో ఉంటుంది కాబట్టి తొందరపడొద్దు, గంట గంటన్నర తర్వాత ఒక చుక్క తీసి, ఇంకొన్ని నీళ్లలో పలచన చేసి, కవర్ స్లిప్ వేసి 40 రెట్ల ఆబ్జెక్టివ్ కింద చూడండి. పక్కన చుక్క మిథిలీన్ బ్లూ వేస్తే చచ్చిన కణాలు నీలంగా, బతికినవి తెల్లగా ఉంటాయి.

వంద కణాలు లెక్కపెట్టి మూడు గడుల్లో రాయండి: మొగ్గ లేనివి, చిన్న మొగ్గవి, పెద్ద మొగ్గవి. అరగంటకోసారి మళ్లీ లెక్కపెట్టండి. పెద్ద మొగ్గ ఉన్న ఒక కణం దగ్గర కాసేపు ఆగి చూడండి. కదలకుండా ఉన్నట్టే కనిపిస్తుంది. లోపల జంటలన్నీ రెండు వైపులా బిగుసుకొని ఉంటాయి, పట్టు దొరకని ఆఖరి జంట ఉంటే దానికోసం మిగతావన్నీ ఆగి ఉంటాయి.